కర్నూలు ఎండ నుంచి నల్లమల నీడకు: ఒక్కరోజు సఫర్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే చాలు, కర్నూలులో చాలా ఇళ్లలో ఒకటే మాట. "ఈ ఆదివారం పోదామా?" పిల్లలు అప్పుడే బ్యాగులు సర్దేస్తారు. అమ్మీ టిఫిన్ డబ్బాలు కడుగుతుంది. దాదీకి మోకాళ్ల నొప్పి ఉన్నా "నేను కార్లోనే కూర్చుంటాను, తీసుకుపోండి" అంటుంది.

పోవడం కష్టం కాదు. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, డోర్నాల మీదుగా శ్రీశైలం దాదాపు 180 కిలోమీటర్లు. పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. కానీ ఈ దారిలో సగానికి పైగా అడవిలోనే ఉంటుంది. అది మామూలు అడవి కాదు, పులుల అభయారణ్యం. అక్కడి రోడ్డు రాత్రి 9 గంటలకు మూసేస్తారు. ఆ సంగతి తెలియక చెక్‌పోస్టు దగ్గర పిల్లాపాపలతో కార్లో తెల్లవారేదాకా కూర్చుంటే పండుగ సంతోషమంతా పోతుంది. అందుకే ఈ సఫర్‌ను వెనక నుంచి, అంటే రాత్రి గేటు మూసే టైం నుంచి లెక్కేసుకోవాలి.

కింద ఎందుకింత ఎండ?

రాయలసీమను ఎడారి అనడం అలవాటైపోయింది. నిజానికి ఇది ఎడారి కాదు, వాన తక్కువ పడే మెట్ట నేల. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రాష్ట్ర సగటు 900 మిల్లీమీటర్లకు పైనే.

కారణం రెండు గోడలు. జూన్‌లో వచ్చే నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం. అవి నీళ్లన్నీ కేరళ, కర్ణాటక తీరంలోనే కుమ్మరించి, మన వైపు వచ్చేసరికి సగం ఖాళీ అయిపోతాయి. అక్టోబరు తర్వాత బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలకు తూర్పు కనుమలు అడ్డం, పైగా తీరం దూరం. నెల్లూరులో కుంభవృష్టి కురిసే రోజున కర్నూలులో మబ్బు మాత్రమే కనిపించేది ఇందుకే.

కర్నూలు నుంచి నందికొట్కూరు దాకా దారి చదునుగా ఉంటుంది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమల, మధ్యలో నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ చేలు. నీడకు అక్కడక్కడా వేప, తుమ్మ చెట్లు. బేతంచెర్ల నాపరాయి, కడప బండ అని ఇళ్లల్లో పరుచుకునే రాళ్లన్నీ ఈ ప్రాంతపు భూమి పొరల్లోవే. ఈ రాళ్లు వంద కోట్ల ఏళ్లకు ముందువి. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివేవాళ్లయినా ఈ రాతి ప్రాంతాన్ని కడప పేరుతోనే పిలుస్తారు.

ఈ మైదానం ఖాళీ నేల అనుకోకూడదు. నందికొట్కూరుకు దగ్గర్లో మిడుతూరు మండలం రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. మీటరు ఎత్తుండే ఈ పక్షి గడ్డి నేలల్లోనే బతుకుతుంది, చెట్ల మీద వాలదు. దీన్ని జాతీయ పక్షిగా ప్రకటించాలని ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గట్టిగా అడిగారు. ఆ హోదా చివరికి నెమలికి దక్కింది. ఇప్పుడు బట్టమేక దేశంలోనే అంతరించిపోయే దశలో ఉంది. రోళ్లపాడులో ఇప్పుడు కనబడేవి ఎక్కువగా కృష్ణజింకలే. బీడు భూమి అని చులకనగా చూసిన గడ్డి నేల పోతే ఏమవుతుందో ఈ పక్షే చెబుతోంది.

ఆత్మకూరు: అడవి వాకిలి

కర్నూలు నుంచి 70 కిలోమీటర్లకు ఆత్మకూరు వస్తుంది. ఇక్కడే ఆగి టిఫిన్ చేయాలి, పెట్రోలు నింపుకోవాలి, టైర్లలో గాలి చూసుకోవాలి. బాత్రూం పని, పిల్లలకు మందు పని కూడా ఇక్కడే ముగించాలి. దీని తర్వాత డోర్నాల దాకా దాదాపు 55 కిలోమీటర్లు అడవే. సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి "అడవిలోకి పోతున్నాం, రెండు గంటలు ఫోన్ కలవకపోవచ్చు" అని చెప్పేస్తే వాళ్లు కంగారు పడరు.

ఆత్మకూరు నుంచి వెలుగోడు వైపు పోతే నల్లకాల్వ దగ్గర వైఎస్ రాజశేఖరరెడ్డి స్మృతివనం ఉంది. 2009 సెప్టెంబరు 2న ఆయన హెలికాప్టర్ ఈ నల్లమలలోనే పావురాలగుట్ట మీద కూలింది. 4 శాతం ముస్లిం రిజర్వేషన్ ఆయన హయాంలో 2007లో వచ్చింది. ఆ సీటుతో చదువుకున్న పిల్లలున్న కుటుంబాలు ఈ దారిలో వెళ్తూ ఇక్కడ ఓ పది నిమిషాలు ఆగడం మామూలే.

ఆత్మకూరు దాటి బైర్లూటి రాగానే గాలి మారుతుంది. ఏసీ ఆపి అద్దాలు దించాలనిపిస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది ఎత్తు. కర్నూలు సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీశైలం దగ్గర శిఖరం దాదాపు 2,800 అడుగులు, అంటే 850 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది కాబట్టి, ఈ తేడాకు మూడు నాలుగు డిగ్రీలు తగ్గాలి. కానీ ఒంటికి తెలిసే చల్లదనం అంతకన్నా ఎక్కువ. అది రెండో కారణం, చెట్లు. నీడ నేలను కాలనివ్వదు. ఆకులు వదిలే తేమ గాలిని చల్లబరుస్తుంది. మట్టి కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో ఇదీ అంతే.

నల్లమల ఎప్పుడూ పచ్చగా ఉండదు

ఇక్కడ చాలామంది మోసపోతారు. నల్లమల ఊటీలాంటిది కాదు. ఇది ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, వేగిస, తునికి, మోదుగ, వెదురు ఇక్కడి ముఖ్యమైన చెట్లు. నీటిని పొదుపు చేసుకోవడానికి ఫిబ్రవరి నుంచే ఇవి ఆకులు రాల్చేస్తాయి. ఏప్రిల్‌లో పోతే కొండంతా బూడిద రంగులో, కట్టెల మోపులా కనిపిస్తుంది.

ఈ మధ్య ఏళ్లలో రంజాన్ పండుగ మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తోంది. పండుగ మర్నాడు పిల్లలను తీసుకుని అడవి చూద్దామని పోయినవాళ్లు "ఇంతేనా?" అని నిరాశ పడేది అందుకే. పైగా అది అడవికి నిప్పంటుకునే కాలం. ఎండుటాకుల మీద పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు. ఆ నెలల్లో వెళ్లినా కారు దిగి పొయ్యి పెట్టడం, సిగరెట్ కాల్చడం పూర్తిగా మానుకోవాలి.

పచ్చటి నల్లమలను చూడాలంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి కాలం. మొదటి వానలకే నెల రోజుల్లో కొండ రంగు మారిపోతుంది. డ్యాం గేట్లు ఎత్తేది కూడా ఎక్కువగా జులై, అక్టోబరు మధ్యే. అయితే అది ఎగువ నుంచి వచ్చే వరదను బట్టి ఉంటుంది. ఇవాళ తెరిచిన గేట్లు రేపు మూసేయవచ్చు. బయలుదేరే రోజు పొద్దున వార్తలు చూసుకోవాలి.

రాత్రి 9కి గేటు ఎందుకు మూస్తారు?

ఇది నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో దీన్ని ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. విస్తీర్ణంలో దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యం ఇదే. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో అమ్రాబాద్ అభయారణ్యం అయింది.

పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి అన్నీ ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతాయి. హెడ్‌లైట్ కళ్లలో పడితే జంతువు పారిపోదు, ఉన్నచోటే నిలబడిపోతుంది. డ్రైవరు బ్రేకు వేసేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. దుప్పిని గుద్దితే దుప్పి పోతుంది, కారు లోయలోకి జారితే మనుషులు పోతారు. అందుకే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ అడవి రోడ్ల మీద వాహనాలను వదలరు. శివరాత్రి లాంటి పెద్ద ఉత్సవాలప్పుడు సడలింపులు ఇవ్వవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు.

జంతువుల భయం ఊరికే చెప్పే మాట కాదు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే ఘాట్ రోడ్డులో పచ్చర్ల అనే అటవీ గ్రామం ఉంది. 2024 జూన్‌లో ఆ ఊరి ముస్లిం మహిళ ఒకామె కట్టెల కోసం అడవిలోకి వెళ్లి చిరుత దాడిలో చనిపోయింది. ఆమె ఆ ఊరికి సర్పంచ్‌గా కూడా పనిచేసింది. అడవిని పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషికే అలా జరిగిందంటే, ఫొటో కోసం కారు దిగి పొదల్లోకి నడిచేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పనక్కర్లేదు. చిన్నపిల్లలను రోడ్డు పక్కన ఒంటరిగా వదలకూడదు. బాత్రూం కోసమైనా సరే.

కోతుల సంగతి వేరే. రోడ్డు పక్కన వరసగా కూర్చుని ఉంటాయి. పిల్లలు బిస్కెట్లు, అరటిపండ్లు విసిరి సంబరపడతారు. సవాబ్ వస్తుందని పెద్దలే డబ్బా విప్పడమూ ఉంది. కానీ తిండికి అలవాటు పడిన కోతి అడవి వదిలి రోడ్డు మీదే ఉండిపోతుంది, చివరికి లారీ కింద పడుతుంది. లేదంటే అద్దం దించిన చేతిని కరుస్తుంది. అల్లా సృష్టించిన మూగజీవం మీద నిజంగా దయ ఉంటే, దాని తిండి అది వెతుక్కునేలా వదిలేయాలి.

పెంటల్లో ఉండేది ఎవరు?

ఈ అడవిలో సున్నిపెంట, దోమలపెంట, ఈగలపెంట అనే పేర్లు వినిపిస్తాయి. నల్లమలలో చెంచుల చిన్న ఊళ్లను పెంటలంటారు. ఆ పేర్లే చెబుతాయి ఈ అడవి మొదట ఎవరిదో. తేనె తీయడం, గడ్డలు తవ్వడం, జిగురు ఏరడం వాళ్ల తరతరాల బతుకు. డ్యాం వచ్చినా, అభయారణ్యం వచ్చినా ముందుగా దారి ఇవ్వాల్సి వచ్చింది వాళ్లే. గూడెం కనబడగానే ఫోన్ తీసి వీడియో తీయడం మర్యాద కాదు. మన ఇంటి ముందు కారు ఆపి, అమ్మీ బట్టలు ఆరేస్తుంటే ఎవరో వీడియో తీస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది వాళ్లకూ. తేనె అమ్ముతుంటే బేరమాడకుండా కొనుక్కోవచ్చు, మాట్లాడవచ్చు, అడిగి ఫొటో తీసుకోవచ్చు.

ఘాట్‌లో బండి నడపడం

డోర్నాల నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు, ఎక్కువగా మలుపులే. కర్నూలు, హైదరాబాద్ హైవే మీద వంద స్పీడుకు అలవాటు పడిన కుర్రాళ్లకు ఇక్కడే ఇబ్బంది.

పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది: ఏ గేర్లో ఎక్కావో అదే గేర్లో దిగు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగుల్చుదామనుకుంటే బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అదే పనిగా తొక్కితే బ్రేకు వేడెక్కి, కాలు వేసినా పట్టదు. రెండో గేర్లో ఉంటే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కారైతే లో గేరు వాడాలి. కాలిన వాసన వస్తే వెంటనే వెడల్పైన చోట ఆపి, అరగంట చల్లారనివ్వాలి. మలుపు దగ్గర హారన్ కొట్టాలి, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి.

పిల్లలకు వాంతులు రాకుండా పొద్దున తేలికగా ఇడ్లీ లాంటిది పెట్టి, ముందు సీట్లో పెద్దవాళ్ల స్థానంలో కాకుండా వెనక మధ్యలో కూర్చోబెట్టి దూరం చూడమనాలి. ఫోన్‌లో గేములు ఆడితే కడుపు తిప్పడం ఖాయం. ఎత్తుకు పోయేటప్పుడు చెవులు మూసుకున్నట్టు అనిపిస్తే చాక్లెట్ చప్పరిస్తే తెరుచుకుంటాయి.

నమాజు, భోజనం, ఖర్చు

ఆగస్టు నెల మధ్యలో ఒక రోజు లెక్క ఇది. ఫజ్ర్ చదివి 5:30కి బయలుదేరితే 7 గంటలకు ఆత్మకూరులో టిఫిన్. అప్పటికి అడవి గేటు తెరిచి ఉంటుంది. 9 గంటలకు డోర్నాల, 11 లోపు డ్యాం. చూసి, జుహర్ చదివి, భోజనం చేసి 3 గంటలకల్లా వెనక్కి తిరగాలి. 5 గంటల ప్రాంతంలో డోర్నాలలో అసర్. అక్కడి నుంచి కదిలితే మగ్రిబ్‌కు ఆత్మకూరు. రాత్రి 9 లోపు కర్నూలు. ఎక్కడైనా టైరు పంక్చరైనా గంటన్నర చేతిలో ఉంటుంది.

ఇంత దూరం పోతే సఫర్ కిందికి వస్తుంది కాబట్టి జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నాలుగు రకాతులకు బదులు రెండు చదివే ఖసర్ సౌలభ్యం ఉంది. వివరాలు మొహల్లా ఇమాం సాబ్‌ను అడిగితే చెబుతారు. వుజూకు ఒక క్యాన్ నీళ్లు, ఒక జానమాజ్ కార్లో పెట్టుకుంటే ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. అడవి మధ్యలో ఆపి చదవాలనుకోకుండా ఊళ్లలోనే చదివేలా టైం కుదుర్చుకోవడం మేలు.

భోజనం విషయంలో ఒక జాగ్రత్త. శ్రీశైలం లక్షల మందికి పవిత్ర క్షేత్రం. అక్కడ మాంసం, మద్యం నిషేధం. ఇంటి నుంచి బిర్యానీ దేగిశా కట్టుకుపోయి అక్కడ విప్పడం తగదు. బగారా అన్నం, కూరగాయల దాల్చా, చపాతీ, టమాటా చట్నీ పట్టుకుపోతే ఏ గొడవా లేదు. చెత్త, ప్లాస్టిక్ సీసాలు ఒక సంచిలో వేసి తిరిగి ఇంటికే తేవాలి. ఉప్పు, మసాలా వాసనకు దుప్పులు ప్లాస్టిక్ కవర్లు కూడా తినేస్తాయి, అవి కడుపులో అడ్డం పడి చనిపోతాయి.

ఖర్చు చూస్తే, రానూపోనూ 360 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 24 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన 2,640. ఘాట్‌లో మైలేజీ తగ్గుతుంది కాబట్టి 3,000 అనుకుందాం. ఆరుగురు పోతే తలకు 500. చెక్‌పోస్టులో రుసుము అడిగితే కట్టి రసీదు తీసుకోవాలి.

కడప వాళ్లకు మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా వచ్చి ఆత్మకూరులో ఈ దారి కలుస్తుంది. ఒక్క రోజులో పోయి రావడం వాళ్లకు కష్టం, రాత్రి బస చూసుకోవాలి. అంత టైం లేకపోతే రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. కడప నుంచి గంట ప్రయాణం. పైన పాలకోవా తిని, పాలకొండల గాలి పీల్చి రావచ్చు. ఆ ఘాట్ ప్రమాదాలకు పేరు పడింది, పైన చెప్పిన గేరు సూత్రం అక్కడా అంతే ముఖ్యం.

ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

గేట్ల నుంచి దూకే కృష్ణను చూసి, సెల్ఫీ తీసుకుని తిరిగి రావడంతో చాలామందికి సఫర్ అయిపోతుంది. కానీ ఆ నీళ్లకూ కర్నూలు, కడప ఇళ్లకూ ఉన్న సంబంధం పిల్లలకు చెప్పాల్సింది అక్కడే.

శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీళ్లు వెనక్కి నందికొట్కూరు వైపు దాకా నిలబడతాయి. అక్కడ పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్లి, బనకచర్ల చేరి, అక్కడి నుంచి తెలుగుగంగ ద్వారా వెలుగోడుకు, కడప జిల్లాలో బ్రహ్మంసాగర్‌కు, చివరికి చెన్నైకి పోతాయి. వాన తక్కువ పడే సీమకు ఎక్కడో మహారాష్ట్రలో పడిన వాన ఇలా అందుతోంది. దీనికి మూల్యం కట్టినవాళ్లూ ఉన్నారు. ఈ జలాశయం కింద ఉమ్మడి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి.

ఇంకో సంగతి కర్నూలు వాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. 2009 అక్టోబరు 2న డ్యాం దగ్గర నీటిమట్టం 885 దాటి 896 అడుగులకు పోయింది. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఉప్పొంగి పాతబస్తీలో మొదటి అంతస్తులు మునిగాయి. పెళ్లి పత్రికలు, స్కూలు సర్టిఫికెట్లు, అమ్మాయి జహేజ్ కోసం దాచిన బట్టలు కొట్టుకుపోయిన ఇళ్లు ఎన్నో. ఇవాళ డ్యాం చూసి చప్పట్లు కొట్టే పిల్లలకు ఆ రాత్రి తెలియదు. దాదీకి తెలుసు. కార్లో కూర్చుని ఆమె ఆ సంగతి చెబుతుంటే వినడానికి ఈ సఫర్ కన్నా మంచి సమయం ఉండదు.

కొండ మీద పడిన వాన అంతా డ్యాంలోకే పోదు. అడవి ఉన్నచోట అది మెల్లగా నేలలోకి ఇంకి, నెలల తర్వాత కొండ అడుగున ఊటగా పైకి వస్తుంది. నంద్యాల దగ్గర మహానందిలో ఎండాకాలంలోనూ తేటగా పారే నీళ్లు నల్లమల దాచిపెట్టినవే. చెట్లు నరికితే అదే వాన మట్టిని మోసుకుని ఒక్క రోజులో వరదగా పోతుంది, ఊట ఎండిపోతుంది.

తిరుగు దారిలో ఆత్మకూరు రాగానే ఫోన్‌లో సిగ్నల్ వస్తుంది, గాలి మళ్లీ వేడెక్కుతుంది. నందికొట్కూరు దాటేసరికి పిల్లలు నిద్రపోతారు. ఇల్లు చేరి కుళాయి తిప్పి వుజూ చేసుకునేటప్పుడు ఒక్క చెంబు తక్కువ వాడినా, ఆ రోజు చూసిన కొండకు, నీళ్లకు షుకర్ చెప్పినట్టే.